పైలట్ల పెన్షన్ ఎటు పోయింది?

మన హాస్టల్ పూర్వ విద్యార్థిని కాబట్టి ఇక్కడి పిల్లలు నన్ను సార్ అనరు, అన్నా అంటారు. ఆదివారం స్టడీ అవర్‌లో ఇంటర్ సి.ఇ.సి. తమ్ముళ్లకు ఆస్తి అప్పుల పట్టీ చెబుతున్నాను. వెనుక వరుసలో ఒకడు లేచాడు. "అన్నా, మా నాన్నకు ఫ్యాక్టరీలో నెలనెలా పి.ఎఫ్. కోస్తారు. ఫ్యాక్టరీ దివాలా తీస్తే ఆ డబ్బు ఎవరిది?" అన్నాడు. సగం జవాబు చెప్పేసరికి భోజనం గంట కొట్టారు. గుడ్డు పెట్టే రోజు, ఇక ఎవరు ఆగుతారు! మిగతా సగం ఈ సంచికలో రాస్తున్నాను.

దీనికి నేను ఎంచుకున్న ఉదాహరణ అమెరికా విమాన పైలట్లది. మిత్రులారా, పైలట్ అంటే లక్షల జీతం, దర్జా ఉద్యోగం అనుకుంటాం. నిజమే. అంత జీతం ఉన్నవాళ్లకు, అంత బలమైన యూనియన్ ఉన్నవాళ్లకు కూడా ముసలితనంలో వచ్చే డబ్బు తరిగిపోయిందంటే ఎలా జరిగిందో తెలుసుకోవాలి కదా.

ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. పెన్షన్లు రెండు రకాలు. మొదటిదాంట్లో కంపెనీ మాట ఇస్తుంది: ఇన్నేళ్లు పనిచేస్తే, నీ జీతాన్ని బట్టి నెలకు ఇంత చొప్పున బతికినంత కాలం ఇస్తాను అని. రెండోదాంట్లో అలాంటి మాట ఉండదు. నెలనెలా నీ పేరున ఖాతాలో కొంత వేస్తారు, అది పెరిగి ఎంతయితే అంతే నీది. మొదటిది మాట, రెండోది మూట అనుకోండి. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరిన ప్రభుత్వ ఉద్యోగులను పాత పెన్షన్ నుంచి తప్పించి సి.పి.ఎస్.లో పెట్టినప్పుడు అంత గొడవ ఎందుకు జరిగిందో ఈ తేడా తెలిస్తే అర్థమవుతుంది.

అమెరికా పెద్ద విమాన కంపెనీలు పైలట్లకు ఇచ్చింది మొదటి రకం. అయితే ఆ మాట వెనుక డబ్బు కూడా ఉండాలని చట్టం ఉంది. దానికీ ఒక కథ ఉంది. 1963 డిసెంబరులో స్టూడీబేకర్ అనే కార్ల కంపెనీ సౌత్ బెండ్‌లోని ఫ్యాక్టరీ మూసేసింది. అరవై నిండినవాళ్లకు పెన్షన్ పూర్తిగా అందింది. నలభై నుంచి అరవై మధ్య ఉన్న నాలుగు వేల మందికి పైగా కార్మికులకు రావలసినదానిలో 15 శాతమే దక్కింది. ఇంకా చిన్నవాళ్లకు ఏమీ లేదు. ఆ దెబ్బ తర్వాత పదేళ్లకు పైగా చర్చ జరిగి 1974లో చట్టం వచ్చింది. పెన్షన్ సొమ్మును కంపెనీ గల్లాపెట్టెలో కాకుండా విడిగా ట్రస్టులో ఉంచాలి. కంపెనీ చేతులెత్తేస్తే ఆదుకోవడానికి పెన్షన్ బెనిఫిట్ గ్యారంటీ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టారు. కంపెనీలు కట్టే ప్రీమియంతో నడిచే బీమా లాంటిది అది.

మరి ఇంత కట్టుదిట్టం ఉండగా లోటు ఎలా వచ్చింది? ఇదే అసలు పాఠం, కాస్త నెమ్మదిగా చదవండి.

ముప్పై ఏళ్ల తర్వాత ఒకరికి లక్ష ఇవ్వాలి. ఇవాళ ట్రస్టులో ఎంత వేయాలి? ఏటా 9 శాతం పెరుగుతుందనుకుంటే సుమారు 7,500 చాలు. 6 శాతమే పెరుగుతుందనుకుంటే సుమారు 17,400 కావాలి. ఇచ్చిన మాట అదే లక్ష. అంచనా మూడు శాతం మారితే వేయవలసిన సొమ్ము రెట్టింపు దాటింది! షేర్ల ధరలు బాగున్న రోజుల్లో కంపెనీలు తక్కువ వేసి ఊరుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. 2000 నుంచి 2002 వరకు షేర్ల ధరలు పడిపోయాయి, వడ్డీ రేట్లూ తగ్గాయి. మొదటి కారణంతో ట్రస్టులో ఉన్నది కరిగింది, రెండో కారణంతో ఉండవలసింది పెరిగింది. సరిగ్గా ఆ సమయంలోనే 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. ఆ రోజు హైజాక్ అయిన నాలుగు విమానాల్లో రెండు యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌వి. జనం విమానం ఎక్కడానికి భయపడ్డారు.

యునైటెడ్ 2002 డిసెంబరు 9న దివాలా కోర్టుకు వెళ్లింది. మన ఊళ్లో ఐ.పి. పెట్టాడంటే కొట్టు కట్టేసి మాయమయ్యాడని అర్థం. అమెరికాలో చాప్టర్ 11 అలా కాదు. విమానాలు ఎగురుతూనే ఉంటాయి, టికెట్లు అమ్ముతూనే ఉంటారు. కోర్టు నీడలో ఉండి పాత బాకీలను, పాత ఒప్పందాలను తిరగరాసుకుంటారు. తిరగరాయగలిగినవాటిలో ఉద్యోగుల జీతాలు, పెన్షన్లు కూడా ఉన్నాయి. 2004 జూలైలో కంపెనీ పెన్షన్ ట్రస్టులకు వాయిదా కట్టడం మానేసింది. 2005 మే నెలలో షికాగోలోని దివాలా కోర్టు జడ్జి యూజీన్ వెడాఫ్ నాలుగు పెన్షన్ ప్లాన్లనూ వదిలించుకోవడానికి కంపెనీకి అనుమతి ఇచ్చారు.

ఇప్పుడు అంకెలు చూడండి. ఇస్తామన్నది సుమారు 1,680 కోట్ల డాలర్లు. ట్రస్టుల్లో ఉన్నది సుమారు 700 కోట్లు. లోటు 980 కోట్లు. అందులో గ్యారంటీ సంస్థ భరించగలనన్నది సుమారు 660 కోట్లు. మిగిలిన 320 కోట్ల డాలర్లు ఎవరి ఖాతాలో నష్టం? లక్షా ఇరవై వేల మందికి పైగా ఉద్యోగులు, రిటైరయినవాళ్ల ఖాతాలో. తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకులు క్యూలో ముందుంటాయి. పెన్షనర్ల స్థానం మన హాస్టల్‌కు ఉద్దెరగా సరుకులిచ్చే కిరాణా కొట్టాయన పక్కన.

నష్టం అందరికీ ఒకేలా పడలేదు. గ్యారంటీకి గరిష్ఠ పరిమితి ఉంది. 2005లో అది 65 ఏళ్లకు రిటైరయ్యేవారికి ఏడాదికి 45,614 డాలర్లు. చిన్న పెన్షన్ ఉన్న చాలామంది ఆ పరిమితి కిందే ఉండి చాలావరకు బయటపడ్డారు. పైలట్ల సంగతి వేరు. అప్పటి ప్రభుత్వ నిబంధన ప్రకారం 60 నిండిన పైలట్ పెద్ద విమాన కంపెనీల విమానం నడపకూడదు. ముందే రిటైరయితే గ్యారంటీ తగ్గుతుంది, 60 ఏళ్లకు 29,649 డాలర్లే. అంటే ఒక ప్రభుత్వ నిబంధన ఇంటికి పొమ్మంది, మరో ప్రభుత్వ నిబంధన తొందరపడి పోయావు కాబట్టి తక్కువిస్తానంది! ఏడాదికి లక్ష డాలర్లు వస్తుందనుకున్న పైలట్‌ను ఊహించుకోండి. ప్రభుత్వ సోషల్ సెక్యూరిటీ కూడా 62 లోపు రాదు. ఇంకో కంపెనీలో చేరదామంటే వయసు దాటింది. చిన్న వయసువాడికీ సుఖం లేదు. విమాన కంపెనీల్లో సీనియారిటీ అక్కడికక్కడే, కొత్తచోట అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. అయితే చాలా ఏళ్ల కిందటే రిటైరయిన పైలట్లకు ట్రస్టులో ఉన్న సొమ్ములో ముందు వాటా వచ్చింది కాబట్టి వాళ్ల కోత తక్కువ. రిటైర్మెంట్‌కు దగ్గరపడినవాళ్లే ఎక్కువ నలిగారు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. కంపెనీ అధిపతి గ్లెన్ టిల్టన్ 2002లో చేరినప్పుడు, పాత ఆయిల్ కంపెనీలో వదులుకున్న ప్రయోజనాలకు బదులుగా 45 లక్షల డాలర్లు ట్రస్టుల్లో విడిగా పెట్టించుకున్నారు. దివాలా దాన్ని ముట్టలేదు. చట్టం దృష్టిలో తప్పేమీ లేదు. ఆయనకు దక్కింది మూట, పైలట్ల దగ్గర ఉన్నది మాట.

యునైటెడ్ ఒక్కటే కాదు. యు.ఎస్. ఎయిర్‌వేస్ పైలట్ల ప్లాన్ 2003లోనే రద్దయింది. 2009 జనవరిలో న్యూయార్క్ హడ్సన్ నదిపై విమానాన్ని దించి 155 మందీ బతికి బయటపడేలా చేసిన కెప్టెన్ సలెన్‌బర్గర్ ఆ కంపెనీ పైలటే. మరుసటి నెల ఆయన్ను పార్లమెంటు ఉపసంఘం పిలిచింది. తన జీతం 40 శాతం తగ్గిందని, పెన్షన్ పోయి దాని చోట నామమాత్రపు గ్యారంటీ మిగిలిందని అక్కడ చెప్పారు. డెల్టా పైలట్ల ప్లాన్ 2006లో పోయింది. అదే ఏడాది వచ్చిన చట్టం లోటు పూడ్చుకోవడానికి విమాన కంపెనీలకు ఎక్కువ ఏళ్లు గడువిచ్చింది. నార్త్‌వెస్ట్ ప్లాన్లను రద్దు చేయకుండా, అప్పటిదాకా కూడినది ఉంచి కొత్తగా కూడటం ఆపింది. 2011లో దివాలాకు వెళ్లిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదట రద్దే చేస్తానని, గ్యారంటీ సంస్థ గట్టిగా అడ్డుపడ్డాక అదే దారి పట్టింది. పైలట్ల వయోపరిమితి 2007 డిసెంబరులో 65కు పెరిగింది, అప్పటికే ఇంటికెళ్లినవాళ్లకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఇక తమ్ముడి ప్రశ్న. మీ నాన్న పి.ఎఫ్. ప్రధానంగా మూట రకం. సాధారణంగా ఆ సొమ్ము ఫ్యాక్టరీ దగ్గర ఉండదు, ప్రావిడెంట్ ఫండ్ సంస్థ దగ్గర ఆయన పేరున ఉంటుంది. కాబట్టి కట్టినంత వరకు అది ఫ్యాక్టరీ అప్పులవాళ్లది కాదు. చిక్కల్లా "కట్టినంత వరకు" అన్న మాటలోనే ఉంది. మా నాన్న పనిచేసిన నూలు మిల్లులో చివరి రెండేళ్లు జీతంలో పి.ఎఫ్. కోశారు, కట్టలేదు. మిల్లు మూతపడ్డాకే ఆ సంగతి తెలిసింది. అప్పట్లో ఏడాదికోసారి వచ్చే స్లిప్పు తప్ప చూసుకునే దారి లేదు. ఇప్పుడు ఖాతా నంబరు ఉంటే పాస్‌బుక్ ఫోన్‌లోనే కనిపిస్తుంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ నాన్న జీతం చీటీ పక్కన పెట్టుకుని, నెలనెలా జమ పడిందో లేదో ఒక్కొక్క వరుస సరిచూడు.

మిగతావాళ్లకు ఒక లెక్క ఇస్తున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత లక్ష కావాలంటే 7 శాతం చొప్పున ఇవాళ ఎంత వేయాలి? 8 శాతం చొప్పున ఎంత? కాలిక్యులేటర్ లేకుండా చేయండి, వచ్చే ఆదివారం నోటు పుస్తకాలు చూస్తాను.