బొగ్గు కంటె పాతది కర్బనం

మందమర్రిలో బొగ్గు పాఠం చెప్పడం తేలిక కాదు. బొగ్గుబాయిలో పనిచేసేవారి పిల్లలకు కొన్ని సంగతులు పంతుళ్ల కంటె బాగా తెలుసు. ఒకసారి తొమ్మిదో తరగతిలో, సుమారు 25 కోట్ల సంవత్సరాల కిందట గోదావరి లోయలో పెరిగిన చెట్లు పూడిపోయి బొగ్గయ్యాయనీ, ఆ చెట్లకు కర్బనం గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుండి వచ్చిందనీ చెప్పాను. వెనుక బల్ల నుండి ఒక అమ్మాయి లేచింది.

"గాలిలోకి ఎక్కడిది సార్?"

"భూమిలోనిదే."

"మరి భూమికి?"

"సూర్యుని నుండి" అని ముగించాను. పిల్లలూ, ఆ జవాబు తప్పు.

సూర్యుడు ఇప్పుడు హైడ్రోజన్ కేంద్రకాలను కలిపి హీలియంగా మారుస్తున్నాడు, అంతే. ఈ హీలియంకు మన ఊళ్లతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుండి జాన్సెన్ గుంటూరుకు, మద్రాసు వేధశాల నుండి పోగ్సన్ మచిలీపట్నానికి వచ్చారు. ఆ గ్రహణంలో సూర్యుని అంచున ఎగసిన జ్వాలల వర్ణపటంలో ఒక పసుపుపచ్చ గీత కనిపించింది. అది భూమి మీద అప్పటికి ఎవరూ ఎరుగని మూలకానిదని తరువాత తేలింది. అదే హీలియం.

మూడు హీలియం కేంద్రకాలు కలిస్తే ఒక కర్బన కేంద్రకం. చెప్పినంత సులువు కాదు. రెండు కలిసి బెరీలియం కాగానే అది మళ్లీ విడిపోతుంది. రెప్పపాటు అన్నా చాలా ఎక్కువే. ఆ లోపలే మూడవది వచ్చి తగలాలి. అందుకు 10 కోట్ల డిగ్రీల వేడి కావాలి. సూర్యుని నడిమధ్య ఉన్నది కోటిన్నర డిగ్రీలే. అంత వేడిలో కూడ, కర్బన కేంద్రకానికి ఒక ప్రత్యేక శక్తిస్థాయి లేకపోతే లోకంలో ఇంత కర్బనం ఉండదని 1953లో ఫ్రెడ్ హాయిల్ వాదించాడు. అమెరికాలో ప్రయోగం చేసి చూస్తే అది నిజంగానే ఉంది!

ఆ వేడి ఉబ్బి ఎర్రబడిన ముసలి నక్షత్రాల గర్భంలో ఉంటుంది. చివరి దశలో అవి తమ పై పొరలను కర్బనంతో సహా అంతరిక్షంలోకి వదిలేస్తాయి.

ఇక పొయ్యిలో మిగిలిన బూడిద చూడండి. అందులోని సిలికాన్, అల్యూమినియం ఇంకా పెద్ద నక్షత్రాలలో తయారై, అవి పేలినప్పుడు బయటపడ్డాయి. ఇనుముతో కథ మారుతుంది. దానికి మించి కేంద్రకాలను కలిపితే శక్తి రాదు, ఖర్చవుతుంది. బూడిదలో లేశంగా ఉండే యురేనియం పుట్టాలంటే న్యూట్రాన్లు ఒక్కుమ్మడిగా వచ్చి తగలాలి. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొని కలిసిపోవడాన్ని 2017 ఆగస్టు 17న శాస్త్రజ్ఞులు గమనించారు. ఆ వెలుగులో అప్పుడే పుట్టిన బరువైన మూలకాల జాడ కనిపించింది.

ఇవన్నీ పాలపుంతలో తరతరాలుగా పోగుపడ్డాయి. సూర్యునిలోని ఇనుములో వెయ్యోవంతు కూడ లేని పాత నక్షత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. సుమారు 460 కోట్ల సంవత్సరాల కిందట సూర్యుడు పుట్టిన మేఘంలో హైడ్రోజన్, హీలియం కాక మిగిలిన మూలకాలు నూటికి రెండు పాళ్లకు మించలేదు. భూమి ఆ కొద్దిపాటిలోనిదే.

మరునాడు తరగతిలో నా తప్పు ఒప్పుకొని ఇదంతా చెప్పాను. "మరి హైడ్రోజన్ ఎక్కడిది సార్?" అంది ఆ అమ్మాయి. అది నక్షత్రాల కంటె ముందుది, విశ్వం పుట్టిన తొలి క్షణాల నాటిది.