ధర కంటే ముందు తారీఖు

నిజామాబాద్‌లో మన జిల్లా సరుకులమ్మే దుకాణం పెడతామంటూ ఈ మధ్య చాలామంది పిల్లలు వచ్చి అడుగుతున్నారు. కొందరు బెంగళూరు ఉద్యోగం వదిలి వచ్చినవాళ్లు, కొందరు వదలబోతున్నవాళ్లు. ఇంకా వదలనివాళ్లకు ముందే చెబుతున్నా, మరికొన్ని జీతాలు తీసుకుని రండి. ఎందుకో మొదటి పాఠంలోనే ఉంది. పసుపు, బెల్లం, జొన్నపిండి, తొక్కులు, గొంగళ్లు, నిర్మల్ బొమ్మలు పెట్టుకుని ఇన్నేళ్లు గల్లాపెట్టె ముందు కూర్చుంటే ఒంటబట్టిన సంగతులివి.

1. రైతు మొదట అడిగేది తారీఖు.

బోధన్ చుట్టుపక్కల ఒకప్పుడు చెరకు వేసిన ఇంట్లో బేరానికి కూర్చుని చూడండి. "ఎంతిస్తరు" కంటే ముందు "ఎప్పుడిస్తరు" అంటారు. ఆ అడగడం వెనక చాలా కథ ఉంది. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువకెక్కాయి. ఆ దశాబ్దం చివర్లోనే శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో లాకౌట్ పడింది. చెరకు తోటలు చాలావరకు వరి మడులయ్యాయి.

చెరకుకు కేంద్రం ఏటా ధర ప్రకటిస్తుంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సరుకు అప్పగించిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు కట్టాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. కాగితం మీద ఇంతకంటే మర్యాదైన కొనుగోలుదారు ఎవరుంటారు? అయినా చెరకు బకాయిల మాట వినని సీజన్ దేశంలో అరుదు.

పసుపు సంగతి దీనికి తలకిందులు. శ్రద్ధానంద్ గంజ్ మార్కెట్‌లో తూకం పడ్డాక డబ్బుకు మరీ అంత ఎదురుచూపు ఉండదు. కానీ ఆ రోజు ధర ఏం పలుకుతుందో దేవుడికెరుక. మద్దతు ధరల జాబితాలో పసుపు లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మన నియోజకవర్గంలో 185 మంది బరిలో నిలబడ్డారు, వాళ్లలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలి, మద్దతు ధర కావాలి అన్నది వాళ్ల గోడు. 2025 జనవరిలో బోర్డు వచ్చింది. రెండో కోరిక ఇంకా కోరికగానే ఉంది.

అంటే చెరకు రైతుకు ధర ఉంది, తారీఖు లేదు. పసుపు రైతుకు తారీఖు ఉంది, ధర లేదు. ఈ రెండూ కలిపి ఇవ్వగలిగితేనే దుకాణం ముందు 'న్యాయమైన వ్యాపారం' అని రాయించుకోండి.

ఇవ్వాలంటే చేతిలో రొక్కం కావాలి. పసుపు తవ్వేది జనవరి నుంచి మార్చి దాకా. తర్వాత ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టాలి. మనం ఏడాది పొడుగునా వంద గ్రాములు, పావుకిలో చొప్పున అమ్మే సరుకుకు డబ్బంతా ఆ కొద్ది నెలల్లోనే కట్టాలి. పెట్టుబడి తెచ్చి అద్దాల బీరువాలకు, రంగు లైట్లకు పోస్తే ఫిబ్రవరిలో రైతు ముందు చేతులు నలుపుకోవాల్సి వస్తుంది. నా దుకాణంలో ఇప్పటికీ ఇనుప ర్యాకులే. జీతాలు తీసుకుని రండని అన్నది ఇందుకే.

2. లెక్క గోడకు రాయండి.

కిలో పసుపులో రైతుకెంత, మిల్లుకెంత, ప్యాకింగ్‌కెంత, కిరాయికెంత, నాకు మిగిలేదెంత అన్నది పలక మీద రాసి గల్లాపెట్టె పక్కన వేలాడదీశాను. మొదట్లో చుట్టుపక్కల వ్యాపారులు నవ్వారు. బేరమాడే గిరాకి ఆ పలక చదివాక సగం బేరం మానేస్తుంది. మిగతా సగం నా లాభం గీత మీద వేలు పెట్టి ఆడుతుంది, అది వేరే సంగతి!

రైతుకు న్యాయమైన ధర కట్టే పద్ధతి ప్రపంచంలో ఎప్పుడో ఉంది. 1988లో నెదర్లాండ్స్‌లో మాక్స్ హావెలార్ పేరుతో మెక్సికో రైతుల కాఫీ మీద మొదటి ముద్ర వేశారు. ఆ ముద్ర లెక్క సులువు. ఒక కనీస ధర ఉంటుంది. మార్కెట్ దాని కిందికి పోయినా కనీస ధర ఇవ్వాలి, పైకి పోతే మార్కెట్ ధర ఇవ్వాలి, ఆ పైన ఊరి పనులకు కొంత సొమ్ము. మనకు ముద్రలు కొనే స్తోమత లేదు, అవసరమూ లేదు. సాగు ఖర్చు రైతుతో కూర్చుని రాయండి, దాని కిందికి పోనని మాటివ్వండి. గంజ్ ధర ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్‌లో, ఫోన్‌లోనే కనబడుతుంది కాబట్టి దాచేదేమీ లేదు.

3. కంటికి నచ్చే సరుకును అనుమానించండి.

బెల్లం దగ్గర ఇది బాగా తెలుస్తుంది. గిరాకికి బంగారు రంగు కావాలి. ఆ రంగు కోసం కొన్నిచోట్ల పాకంలో హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. బెండ మొక్క జిగురుతో మడ్డి తీసి వండిన బెల్లం కాస్త నల్లగా, ఒక్కో బట్టీకి ఒక్కో రంగులో వస్తుంది. పైగా మన దగ్గర నల్లబెల్లం అనగానే గుడుంబా గుర్తొస్తుంది, పోలీసులకూ అదే గుర్తొస్తుంది. అందుకని ఎవరి దగ్గర కొన్నారో బిల్లు భద్రంగా పెట్టుకోండి. గిరాకికి ఉపన్యాసం వద్దు, రెండు రకాల ముక్కలు చేతిలో పెట్టండి, నాలుక చూసుకుంటుంది. వానాకాలం బెల్లం నీరు కారుతుంది. మృగశిర కార్తె నాటికి సరుకు తగ్గించి, ఉన్నది గాలి తగలని డబ్బాల్లోకి మార్చాలి.

పసుపు కూడా అంతే. పొడిని ఎవరి దగ్గరా కొనకండి. కొమ్ములు కొని, విరిచి లోపలి రంగు చూసి, మీరే పట్టించండి. కళ్లు మిరుమిట్లు గొలిపే పసుపుపచ్చలో సీసం కలిసిన రంగు ఉండొచ్చు. వంటింట్లోకి పోయే సరుకు అది.

4. 'ఆర్గానిక్' అన్న మాట ఊరికే వాడొద్దు. ఎన్‌పీవోపీ, లేదా పీజీఎస్ ధ్రువీకరణ లేకుండా ప్యాకెట్ మీద రాస్తే చట్టం అడుగుతుంది. నేను "మందు కొట్టలేదు", "ఒకసారి కొట్టారు" అని చీటీ రాసి పెడతాను. రెండో చీటీ ఉన్న డబ్బా కూడా ఖాళీ అవుతుంది. జనం నిజానికి అంత భయపడరు.

5. "అమ్ముడుపోతే ఇస్తా" అనకండి.

చేతివృత్తులవాళ్ల దగ్గర ఇదే పెద్ద అన్యాయం, చూడ్డానికి సాయంలా కనబడుతుంది. పొణికి కర్ర చెక్కి, రంగులేసి, నిర్మల్ నుంచి బస్సులో తెచ్చినవాళ్ల సొమ్ము మన ర్యాకు మీద దుమ్ము పడుతూ ఉంటుంది. మనం కిరాయి లేకుండా దుకాణం నింపుకుంటాం. ప్రపంచ న్యాయ వాణిజ్య సంస్థ నియమాల్లో హస్తకళల వాళ్లు అడిగితే సగం సొమ్ము వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలని ఉంది. నేను అదే పాటిస్తాను. సగం ముందు, సగం సరుకు దించగానే. అందువల్ల తక్కువ కొంటాను. పది రకాల బొమ్మలు పెట్టలేను, మూడు రకాలే పెడతాను. గొంగడి మాత్రం చలికాలం ముందు కొన్ని కొని ఊరుకుంటాను. ముతక ఉన్ని, పట్నం పిల్లలు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. కొనేవాళ్లు అడక్కుండానే కొంటారు.

6. మన దగ్గర పండేదంతా మనం తినేది కాదు.

ఆర్మూర్ వైపు ఎర్రజొన్న విరివిగా పండుతుంది కదా, పిండి పట్టించి అమ్ముదామని ఒక పిల్లవాడు వచ్చాడు. అది ఉత్తరాది రాష్ట్రాలకు పశుగ్రాసం విత్తనంగా పోయే పంట, బిడ్డా. మన రొట్టె జొన్న వేరు. ఊళ్లోకి పోయి చూడకుండా ఫోన్‌లో చూసి జాబితా రాసుకుంటే ఇలాగే ఉంటుంది.

7. గల్ఫ్ పోయేవాళ్లను మరవకండి. దుబాయి, మస్కట్, దోహాలకు మన ఇళ్ల నుంచి ఎన్ని పెట్టెలు పోతాయో మీకు తెలుసు. తొక్కు కారకుండా రెండు పొరలు చుట్టి, మూత మీద టేపు వేసి, బరువు రాసి ఇస్తే వాళ్లు ధర అడగరు. తిరిగొచ్చినప్పుడు మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

8. ఉద్దెర ఒక్కవైపే. రైతుకు ముందే కట్టి గిరాకికి ఉద్దెర ఇస్తే మధ్యలో మీరు ఎండిపోతారు. బంధువులకు చెప్పడం కష్టం, అయినా చెప్పాలి.

9. కాగితాలు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్, ఏటా కాంటాకు ముద్ర, ప్యాకెట్ మీద బరువు, ధర, తయారైన తేదీ. ఒకటి గుర్తుపెట్టుకోండి, 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బెల్లానికి, పిండికి 5 శాతం జీఎస్టీ. డబ్బాలోంచి తూచి ఇచ్చే విడి సరుకుకు లేదు.

10. రైతు వేరేచోట అమ్ముకుంటే అలగొద్దు.

సాంగ్లీలో ధర బాగుందని తెలిస్తే మన పసుపు లారీ ఎక్కుతుంది. ఎక్కాలి కూడా. మీకు ఇస్తానన్న పది బస్తాల్లో నాలుగే ఇచ్చి, మిగతావి అటు పంపానని మొహమాటంగా చెబుతాడు. ఆ నాలుగింటికి అదే రోజు డబ్బు కట్టేయండి. ఎక్కువ వస్తే అటు పోవచ్చన్న స్వేచ్ఛ లేకపోతే మనమూ మరో చెరకు ఫ్యాక్టరీయే. తక్కువ పడిన సరుకుకు ఉపాయం ఒక్కటే, సంక్రాంతి లోపలే ఇంకో ఊళ్లో ఇంకో ఇద్దరు రైతులతో మాట్లాడి ఉంచుకోవడం. ఒకరిని వేల్పూర్ వైపు, ఒకరిని బాల్కొండ వైపు చూసుకోండి. తవ్వకాలు మొదలయ్యాక పోతే ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.