పాట ఎంచడమే సగం పని

వృద్ధాశ్రమంలో కేర్‌టేకర్‌గానో, ఫిజియోథెరపిస్టుగానో చేరినవారికి కొన్నాళ్లకే అదనంగా ఒక బాధ్యత వచ్చి పడుతుంది: పెద్దవాళ్లకి కాస్త కాలక్షేపం చూడమని. చాలాచోట్ల ఒక స్పీకరు కొని, పొద్దుటి నుంచి భక్తిపాటలు పెట్టి వదిలేస్తారు. కాసేపటికి ఎవరూ పట్టించుకోరు. పాటతో నిజంగా మేలు జరగాలంటే ముందు ఒక్కొక్కరు ఏ సంవత్సరంలో పుట్టారో కనుక్కోండి.

పదేళ్ల వయసు నుంచి పాతికేళ్లు దాటేదాకా విన్న పాటలు మనసులో బలంగా నిలుస్తాయి. 1945లో పుట్టినావిడకి 1957లో ‘మాయాబజార్’ వచ్చేసరికి పన్నెండేళ్లు. ఆవిడకి ఘంటసాల, లీల, సుశీల గొంతులు కావాలి. మీకు నచ్చిన పాటలు కావు. డిమెన్షియా బాగా ముదిరి, కన్నకొడుకు పేరు తట్టనివాళ్లు కూడా ఒక్కోసారి పల్లవి వినగానే అందుకుంటారు. సినిమా పాటల జోలికే పోనివాళ్లూ ఉంటారు. ఒకరికి నాట్ల పాటలు, ఒకరికి నాటక పద్యాలు, ఇంకొకరికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, మరొకరికి ఖవ్వాలీ. ఇంటివాళ్లని అడిగి, మనిషికి ఐదారు పాటలు నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. ఏ పాటకి కళ్లనీళ్లు పెట్టుకున్నారో కూడా రాయండి. ఏడిస్తే కంగారుపడి పాట ఆపేయొద్దు. పక్కన కూర్చోండి, ఆపమంటేనే ఆపండి.

వయసు మీదపడ్డ చెవికి సన్నటి ధ్వనులు ముందుగా దూరమవుతాయి. సౌండు పెంచినంత మాత్రాన మాట తేటపడదు, పైగా చెవికి బాధ. టీవీ కట్టేసి, స్పీకరు దగ్గరికి జరపండి.

ఇక ఆట. కోలాటంతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే కూర్చునే ఆడొచ్చు. చేతులున్న కుర్చీలు రెండు వరుసలుగా ఎదురెదురుగా వేయండి. చక్రాల కుర్చీలకు బ్రేకులు వేశారో లేదో చూసుకోండి. మొదట్లో మనిషికి ఒకే కోల చాలు. పట్టు తక్కువైన చేతికి, కోల పిడికి గుడ్డ చుడితే లావై జారకుండా ఉంటుంది. ముందు తన ఒళ్లోనే తాళం, తర్వాత ఎదుటివారి కోలకి తగిలించడం, ఆ తర్వాత మడమలు నేలకి తాటించడం. లయ నెమ్మదిగా సాగాలి, పాట మధ్యలో వేగం పెంచకూడదు. బతుకమ్మ ఆడిన తెలంగాణ ఆడవాళ్లకి చప్పట్ల వరస మీరు నేర్పక్కర్లేదు, వాళ్లే మీకు నేర్పుతారు. ఆ ఆటలో ముందుకు వంగడం మాత్రం తగ్గించండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి, కాసేపు కుర్చీ అంచున కూర్చోబెట్టి లేపండి. సాక్సులతో నున్నటి గచ్చు మీద నిలబడనివ్వొద్దు.

భర్త పోయాక వేడుకలకు దూరంగా ఉంచబడ్డ ఆడవాళ్లు వెనక వరుసలో నిలబడిపోతారు. ‘మీరూ రండమ్మా’ అని పేరుపెట్టి పిలవండి. ఆ పిలుపు కోసం వాళ్లు ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నారో మనకి తెలియదు. రాలేనంటే బలవంతం వద్దు.

పార్కిన్సన్స్ ఉన్నవారికి లయ మరో రకంగా అక్కరకొస్తుంది. నడుస్తూ కాలు నేలకి అతుక్కుపోయినట్టు ఆగినప్పుడు, తాళం వినిపిస్తే తర్వాతి అడుగు పడడం తేలికవుతుంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ డ్యాన్స్ గ్రూప్ 2001 నుంచి వీరికి నాట్యం క్లాసులు నడుపుతోంది. మన దగ్గర మాత్రం ఫిజియోథెరపిస్టు చూసి సరేనన్నాకే నిలబెట్టి ఆడించాలి.

ఇంటివాళ్లకు లేనిపోని ఆశలు పెట్టకండి. డెబ్బై అయిదేళ్లు పైబడినవాళ్ల మీద 2003లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, తరచూ నాట్యం చేసేవారిలో డిమెన్షియా తక్కువగా కనిపించింది. అయితే ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువగా నాట్యం చేసి ఉండొచ్చు. మతిమరుపు నయమవుతుందని మాటివ్వొద్దు. ఆ పూట అన్నం సరిగ్గా తిన్నారా, రాత్రి నిద్రపట్టిందా, పక్కమనిషితో మాట కలిపారా అన్నది చూసి చెప్పండి.

మేనేజరుతో ముందే మాట్లాడుకోవాల్సినవి రెండున్నాయి. పాటకీ ఆటకీ పెట్టే అరగంట మీ డ్యూటీలో భాగంగా లెక్కకి రావాలి. మీతోపాటు ఇంకొకరు ఉండి తీరాలి: పాట నడిపించేవారే పడిపోబోయేవారిని పట్టుకోలేరు.