గ్యాస్ట్రిక్ బైపాస్: పథ్యపానములు

ప్రశ్న: నా వయస్సు 42. స్థూలకాయము, మధుమేహము కలవు. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకొనుమని వైద్యులనుచున్నారు. ముందేమి చేయవలెను? తరువాత అన్నము తినవచ్చునా?

జవాబు: ఈ శస్త్రచికిత్సయందు జీర్ణకోశపు పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే పట్టు సంచిని వేరుచేసి, దానిని నేరుగా చిన్నప్రేగునకు కలుపుదురు గనుక, అన్నము మాట కడపట చెప్పవలసినదే. ముందు రెండు వారములు పిండిపదార్థములు తగ్గించి మితముగా భుజించినచో, కాలేయము కుదించుకొని శస్త్రవైద్యుని పని సుగమమగును. అయితే ఆ పథ్యమునకు చక్కెర పడిపోవచ్చును గాన, మధుమేహపు మందుల మోతాదును వైద్యునిచేతనే సవరింపించుకొనవలెను. పొగత్రాగుట కొన్ని వారముల ముందే మానుడు. అది మాననిచో కుట్లు మానవు.

చికిత్స జరిగిన నాడో మరునాడో లేచి నాలుగడుగులు వేయించుట, కాళ్లలో రక్తము గడ్డకట్టకుండుటకే. మొదట నీళ్లు, పలుచని మజ్జిగ, వడగట్టిన పెసరకట్టు గుటకగుటకగా పుచ్చుకొని, పిదప చిదిపిన పప్పునకును, మెత్తని గ్రుడ్డునకును, కొన్ని వారములకు అన్నమునకును రావలెను. అప్పుడైనను దినమునకు 60 గ్రాములకు తగ్గని మాంసకృత్తులు ముందు, అన్నము వెనుక. కొసరి వడ్డించు బంధువులను ఒప్పించుటయే కష్టము! భోజనముతో నీళ్లు వలదు, అరగంట ఆగుడు. జిలేబి తిన్నచో చెమట, గుండెదడ, విరేచనము కలుగవచ్చును.

బి12, ఇనుము, కాల్షియము యావజ్జీవము తప్పవు. ఇనుమును, కాల్షియమును రెండు గంటల యెడముతో మింగవలెను. డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు పుండ్లు పుట్టించును, వాడరాదు. తొలివారములలో జ్వరము, ఆగని గుండెదడ, హెచ్చు కడుపునొప్పి కనిపించినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను.