లీన్ శిక్షణకు వెళ్తున్న మేనకోడలికి

హైదరాబాద్

చి. అమ్మలూకి,

నువ్వు పంపిన మెసేజ్ నిదానంగా చదివాను. కంపెనీ నిన్ను లీన్ కోఆర్డినేటర్‌గా వేసి శిక్షణకు పంపుతోందన్న కబురు మీ అమ్మ అప్పటికే ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. చేరిన ఏడాదిలోనే ఇలాంటి పని చేతికి రావడం మామూలు విషయం కాదు.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. సొంత డబ్బు కట్టి సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్ట్ కోర్సులో చేరాలా అంటే, ఇప్పుడు వద్దు. సిక్స్ సిగ్మా 1980లలో మోటరోలాలో పుట్టింది. కొలతల్లో వచ్చే హెచ్చుతగ్గులను లెక్కలతో పట్టుకోవడానికి అది గట్టి పద్ధతి, నాకు దానిమీద గౌరవం ఉంది. కాని దానికి డేటా కావాలి. ఏ మెషిన్ ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది మీ షాపులో ఎవరూ సరిగ్గా రాయడం లేదని నువ్వే రాశావు. ఒక ఏడాది ఆ లెక్కలు నువ్వు రాయించు. అప్పుడు కోర్సులో చెప్పే ప్రతి సూత్రానికీ నీ దగ్గర సొంత అంకెలుంటాయి.

శిక్షణలో చాలా జపనీస్ మాటలు వినిపిస్తాయి. కైజెన్, కాన్‌బాన్, పోకాయోకె, ముడా. నేర్చుకో, అవసరమే. అయితే ఇన్నేళ్లు మెషిన్ షాపుల్లో గడిపి నేను తెలుసుకున్నది ఒక్కటే. మెషిన్ ముందున్న మనిషి "ఇక్కడ తేడా ఉంది" అని భయపడకుండా చెప్పగలిగిన చోటే ఈ పద్ధతులు పనిచేస్తాయి. ఆ ధైర్యం లేని చోట కన్సల్టెంట్ వెళ్లిపోయిన మూడు నెలలకి గోడమీద చార్టులు తప్ప ఏమీ మిగలదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు, ఈ పద్ధతి పుట్టుకలోనే ఉంది. సాకిచి టొయోడా 1924లో పూర్తి చేసిన ఆటోమేటిక్ మగ్గం దారం తెగగానే తనంతట తానే ఆగిపోయేది. తెగిన పోగు చూసుకోకుండా నేస్తూ పోతే గుడ్డ ఏమవుతుందో మన చేనేతవాళ్లను అడుగు, చెబుతారు. ఆయన కొడుకు కీచిరో టొయోటా కార్ల కంపెనీ పెట్టాక, కాలక్రమంలో ఆ ఆలోచనే లైన్ మీద ఒక తాడుగా మారింది. దాన్నే ఆండన్ తాడు అంటారు. తేడా కనిపించిన కార్మికుడు ఎవరైనా దాన్ని లాగవచ్చు. టీమ్ లీడర్ పరుగున వస్తాడు. ఆ కారు ఆ స్టేషన్ హద్దు దాటేలోపు సర్దుకోకపోతే లైన్ ఆగుతుంది. గంటకి ఎన్ని కార్లు అని లెక్కపెట్టే చోట, మామూలు కార్మికుడికి లైన్ ఆపే అధికారం ఇవ్వడం ఎంత పెద్ద నమ్మకమో ఆలోచించు.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. 1950లో టొయోటా దివాలా అంచుకు వచ్చింది. కార్మికులను తీసేశారు, సమ్మె జరిగింది, కీచిరో అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. ఆ దెబ్బ తర్వాత మిగిలినవాళ్లకు ఉద్యోగ భద్రత హామీ దొరికింది. టొయోటా ఇంజనీరు తైచీ ఓనో తన పద్ధతిని ఆ మనుషులతోనే ఏళ్ల తరబడి కట్టుకుంటూ వచ్చాడు. ఈ సంగతి శిక్షణ స్లైడ్లలో సాధారణంగా ఉండదు. ఏడు రకాల వృథాలు ఉంటాయి, ఇది ఉండదు.

అమెరికాలోనూ ఇదే తేలింది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. గైర్హాజరీ, గొడవలు, నాసిరకం కార్లు, అన్ని రకాలుగా చెడ్డపేరు తెచ్చుకున్న చోటు అది. టొయోటా, జీఎం కలిసి 1984లో అదే షెడ్లలో నుమ్మీ పేరుతో పని మొదలుపెట్టాయి. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పాత కార్మికులే, యూనియన్ కూడా అదే. కొన్ని వందల మందిని జపాన్‌లోని టకావోకా ప్లాంటుకు పంపి, అక్కడి లైన్ మీద, అక్కడి కార్మికుల పక్కన నిలబెట్టి నేర్పించారు. కొద్దికాలంలోనే ఆ ఫ్యాక్టరీ నాణ్యతలో అమెరికాలో ముందు వరుసకు వచ్చింది. తర్వాత కార్ల అమ్మకాలు పడిపోయినప్పుడు నుమ్మీ ఎవరినీ తీసేయలేదు, ఖాళీగా ఉన్నవాళ్లను శిక్షణకీ మెరుగుదల పనులకీ వాడుకుంది. నువ్వు నేర్చుకోబోయే ఈ విద్యకు 1988లో 'లీన్' అని పేరు పెట్టిన జాన్ క్రాఫ్సిక్ అంతకుముందు ఆ నుమ్మీలో ఇంజనీరే.

ఇక మీ షాపు సంగతి. మీ ఆపరేటర్లలో సగంమంది కాంట్రాక్టు మీద ఉన్నారన్నావు. ఒడిశా, బీహార్ కుర్రాళ్లు ఎక్కువన్నావు. ఈ ఊరి పారిశ్రామికవాడల్లో ఏ షెడ్డుకి వెళ్లినా ఇదే. వాళ్ల వైపు నుంచి చూడు. కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ స్టాప్‌వాచ్ పట్టుకుని వెనకాల నిలబడింది. సైకిల్ టైమ్ తగ్గించే ఉపాయం ఆ కుర్రాడికి తెలుసు. చెబితే ఏమవుతుంది? టార్గెట్ పెంచుతారు, లేదా పక్కనున్న హెల్పర్‌ని మానిపిస్తారు. అందుకే చెప్పడు. చెప్పకపోవడమే తెలివైన పని అవుతుంది. ఇందులో అతని తప్పు ఏమీ లేదు.

కాబట్టి వెనక నిలబడి ఎవరి పనినీ కొలవకు. ముందుకెళ్లి పలకరించి, ఏం కొలుస్తున్నావో, ఎందుకో చెప్పు. రాసిన కాగితం మొదట అతనికే చూపించు. నువ్వు వెతకాల్సింది చెయ్యి ఎంత వేగంగా ఆడుతోందన్నది కాదు. చెయ్యి ఎందుకు ఆగింది, మనిషి ఎందుకు అటూ ఇటూ తిరుగుతున్నాడు, గేజ్ కోసం ఎక్కడికి వెళ్తున్నాడు, ఇన్‌స్పెక్షన్ వాళ్ల కోసం ఎంతసేపు ఎదురుచూస్తున్నాడు, అవి వెతుకు. ఓనో కొత్త ఇంజనీర్లను షాపులో సుద్దముక్కతో గీసిన వలయంలో గంటల తరబడి నిలబెట్టేవాడట. నీకు ఎవరూ గీయరు, నువ్వే గీసుకో. మొదటి నెల మీటింగులు తగ్గించుకుని, రోజూ ఒకేచోట ఒక గంట నిలబడి చూడు.

సెట్టింగ్ మార్చే సమయంలో చూస్తే ఇంకా మంచిది. జపాన్ ఇంజనీరు షిగియో షింగో 1950లో హిరోషిమాలో మాజ్దా మూడు చక్రాల బళ్లు చేసే కంపెనీకి వెళ్లాడు. 800 టన్నుల ప్రెస్‌కి డై మారుస్తుండగా ఒక బోల్టు కనపడలేదు. కార్మికుడు గంటకు పైగా వెతికి, చివరికి పక్క మెషిన్ తాలూకు పొడవాటి బోల్టు తెచ్చి, కోసి, మరలు వేసి బిగించాడు. అంతసేపూ ప్రెస్ ఆగే ఉంది. ఇక్కడ షింగో పట్టుకున్న విషయం చాలా తేలికైనది. మెషిన్ ఆగితేనే చేయగల పని వేరు, మెషిన్ నడుస్తుండగానే చేసిపెట్టుకోగల పని వేరు. పనిముట్లు వెతకడం, డై తెచ్చుకోవడం, బోల్టులు సరిచూసుకోవడం రెండో రకం. ఈ విభజన మీదే ఏళ్ల తర్వాత టొయోటాలో 1000 టన్నుల ప్రెస్ డై మార్పిడి నాలుగు గంటల నుంచి గంటన్నరకు, అక్కడి నుంచి మూడు నిమిషాలకు దిగింది. మీ షాపులో మొదటి రోజే మూడు నిమిషాల మాట ఎత్తకు. పానాల కోసం స్టోర్సు చుట్టూ తిరిగే తిప్పట ఆపించు. ఆపరేటర్ ఒప్పుకుంటే సెట్టింగ్‌ని వీడియో తియ్యి, అయితే ఆ వీడియో మొదట చూడాల్సింది అతను, మేనేజర్ కాదు. ఏ పని ముందే చేసి పెట్టుకోవచ్చో అతనే చెబుతాడు.

పని నేర్పడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ కంపెనీలు దీన్నే వదిలేస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమంది కొత్తవాళ్లకు త్వరగా పని నేర్పాల్సివచ్చి, అమెరికా ప్రభుత్వం ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం నడిపింది. యుద్ధం తర్వాత అది జపాన్ చేరింది. టొయోటా దాన్ని పట్టుకుని ఇప్పటికీ వదల్లేదు. అందులో పనిని మూడు భాగాలుగా విడగొడతారు: ఏం చేయాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి, ఎందుకు. లేత్ చక్‌లో జాబ్ పెట్టడమే తీసుకో. మీ వర్క్ ఇన్‌స్ట్రక్షన్‌లో బహుశా "జాబ్ లోడ్ చేయండి" అని ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. అనుభవమున్న ఆపరేటర్ చేతులు చూడు. ముందు సీటింగ్ ముఖం మీద ఎయిర్ కొడతాడు. జాబ్‌ని బొటనవేలితో స్టాపర్‌కి ఆనించి నొక్కుతాడు. ఆ నొక్కు వదలకుండా క్లాంప్ వేస్తాడు. ఎందుకని అడిగితే, చిన్న చిప్ కింద ఇరుక్కున్నా ముఖం వంకర వస్తుందని చెబుతాడు. అలాగే డ్రిల్ మొద్దుబారే ముందు చప్పుడు మారుతుంది. అతనికి ఆ చప్పుడు తెలుసు, పక్కనున్న కొత్త కుర్రాడికి తెలియదు. రిజెక్షన్ అక్కడే పుడుతుంది. కుర్రాడిని తిట్టి లాభం లేదు, అతనికి ఎవరూ నేర్పలేదు.

ఆ నొక్కునీ, ఆ చప్పుడునీ కాగితం మీదికి తేవడం నీ పని. ఫొటోలు ఎక్కువ, మాటలు తక్కువ పెట్టు. మాటలు తెలుగులోనూ హిందీలోనూ రాయించు. చివర ఎవరి దగ్గర నేర్చుకున్నావో ఆ ఆపరేటర్ పేరు వెయ్యి. జీతం పెంచే అధికారం నీకు లేదు, పేరు వేసే అధికారం ఉంది.

సరుకు నిల్వల విషయంలో మాత్రం తొందరపడకు. రెండు మెషిన్ల మధ్య 300 పీసులు పేరుకుపోతే, చివరి ఇన్‌స్పెక్షన్‌లో బోర్ పెద్దదైందని తేలేసరికి ఆ మూడువందలూ అనుమానంలో పడతాయి. నిల్వ తగ్గించమనేది అందుకే. కాని మెషిన్లు రోజూ ఆగే చోట, మెటీరియల్ లారీ ఎప్పుడొస్తుందో తెలియని చోట, నిల్వ ఒక్కసారిగా తీసేస్తే డిస్పాచ్ ఆగిపోతుంది, లీన్ వల్లే ఇదంతా అని అందరూ నిన్నే అంటారు. 1997 ఫిబ్రవరి 1న టొయోటాకు విడిభాగాలు చేసే ఐసిన్ ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగి ఒక చిన్న బ్రేక్ వాల్వు ఆగిపోతే, టొయోటా అంతటిదే జపాన్‌లో కార్ల ఉత్పత్తి దాదాపు ఆపేయాల్సి వచ్చింది. సరఫరాదారులంతా చెయ్యి వేయబట్టి కొద్ది రోజుల్లో తేరుకుంది. ముందు మెషిన్లు ఆగే కారణం సరిచెయ్యి, ఆ తర్వాతే నిల్వ తగ్గించు.

పనిచోటు సర్దిపెట్టే 5ఎస్ పద్ధతి గురించి ఒక్క మాట. ఆడిట్ ముందురోజు నేలకు పసుపు గీతలు వేయించడం 5ఎస్ కాదు. పనిముట్టు చేతికి అందే చోట ఉండటమే దాని ప్రయోజనం, అంతకుమించి దానిమీద సమయం పెట్టకు.

కన్సల్టెంట్ ఖర్చు ఎక్కువని మీ ఎండీ వెనకాడుతున్నారన్నావు. చిన్న పరిశ్రమల కోసం కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ 2023 మార్చిలో కొత్త రూపంలో తెచ్చిన లీన్ పథకం ఉంది. బేసిక్, ఇంటర్మీడియెట్, అడ్వాన్స్‌డ్ అని మూడు స్థాయిలు. కన్సల్టెన్సీ ఫీజులో 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో మీ అకౌంట్స్ వాళ్లను అడిగి, వెబ్‌సైట్లో నిబంధనలు చూసి ఆయన ముందు పెట్టు.

ఇదంతా జపాన్ విద్య, మనవాళ్లకు ఎక్కదు అని ఎవరైనా అంటే నమ్మకు. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్లు 1980లో మొదలైంది మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే. కార్మికులు తమ సమస్యను తామే ఎంచుకుని, తామే లెక్కలు గీసి, పెద్ద ఆఫీసర్ల ముందు నిలబడి వివరించారు. క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా 1982లో సికింద్రాబాద్‌లోనే ఏర్పడింది. వాళ్ల పోటీలకు ఒకసారి వెళ్లి, ఆపరేటర్లు తమ పని గురించి మాట్లాడే తీరు విను. వీలైతే మీ ఆపరేటర్లను ఇద్దరిని వెంట తీసుకెళ్లు.

ఇంకో సంగతి, ఇది మామయ్యగా చెబుతున్నాను. షాపులోకి వెళ్లేటప్పుడు జడ ముడివేసి టోపీలో పెట్టుకో, చున్నీ వద్దు, సేఫ్టీ షూ లేకుండా అడుగు పెట్టకు. రాత్రి షిఫ్టు కూడా చూడాలి, కాని ఇంటికి కంపెనీ బండి ఏర్పాటు చేయించుకున్నాకే.

చివరగా నేను నిన్ను గట్టిగా కోరేది ఒకటుంది. శిక్షణకు వెళ్లే ముందే మీ ఎండీ దగ్గర పది నిమిషాలు అడిగి తీసుకో. ఈ పని వల్ల మిగిలే మనుషులను ఏం చేస్తారని అడుగు. మెరుగుదల వల్ల, పర్మినెంట్ అయినా కాంట్రాక్ట్ అయినా, ఎవరి ఉపాధీ పోదని ఆయన మాట ఇవ్వాలి. మిగిలినవాళ్లను కొత్త ఆర్డర్ల మీదో, మెయింటెనెన్స్ మీదో, శిక్షణ మీదో పెడతామని చెప్పాలి. ఆ మాట తెలుగులో, హిందీలో రాసి ఆయన సంతకంతో నోటీసు బోర్డు మీద పెట్టించు. ఆయన ఒప్పుకోకపోతే స్టాప్‌వాచ్ బయటకు తీయకు, ముందు నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య