చక్రపు బేరింగు



“కందెన వేయని బండికి కావలసినంత సంగీతము” అను సామెతను మీరు పెద్దలవలన వినియుందురు. ఎద్దులబండి చక్రపుకుండలో ఇరుసు కొన తిరుగునపుడు రెంటికిని ఒరపిడి కలుగును. దానిని తగ్గించుటకై మన రైతులు ఆముదములో గడ్డిమసి కలిపి కందెన చేసి పూసెడివారు. కందెన యెండినయెడల బండి కీచుమని తానే చెప్పుకొనును. మోటారుకారు చక్రమును అట్లే చెప్పును గాని, దాని భాష వేఱు. ఆ భాష నేర్చుకొనుటకు నేను పడిన పాట్లను ఇచట వ్రాయుచున్నాను.

బల్లమీద బరువైన పుస్తకముల కట్టను త్రోసి చూడుడు. పిమ్మట దానిక్రింద నాలుగు గుండ్రని పెన్సిళ్ల నుంచి త్రోయుడు. జారుటకంటె దొరలుట యెంత సులభమో మీ వ్రేలికే తెలియును. బేరింగనగా నింతే. వేల్సు దేశమందలి కార్మార్తెనుకు చెందిన ఫిలిప్ వాన్ 1794 లో బండి యిరుసునకు గుండ్లు అమర్చు విధానమునకు పేటెంటు పొందెను. అయితే బండి మలుపు తిరుగునపుడు చక్రముమీద పైబరువే గాక ప్రక్కత్రోపుడును పడును. దీనిని గూడ సహించునట్లు, అమెరికాలో బండ్ల వ్యాపారి యగు హెన్రీ టింకెన్ 1898 లో ఒకకొన సన్నగిల్లిన రోలర్ల బేరింగునకు పేటెంటు పొందెను. మా పాత కారు ముందు చక్రములలో నున్నవి ఈ జాతివే. రోలర్లు గల లోపలి భాగమును కోననియు, అవి దొరలు వెలుపలి యుంగరమును కప్పనియు మెకానిక్కులు పిలుతురు. చక్రమునకు రెండు జతలుండును.

సంజామలనుండి కోవెలకుంట్లకు పోవునపుడు ఒకనాడు కారులో తుమ్మెద రొదవంటి చప్పుడు మొదలాయెను. టైరు చప్పుడు రోడ్డు మారినపుడు మారును. ఇది మారక, వేగముతోపాటు హెచ్చుచుండెను. ఎడమకు త్రిప్పినపుడు బరువు కుడి చక్రముమీదికి ఒరగును గదా, అప్పుడు రొద మఱింత పెరిగెను. కాన దోషము కుడిదని తోచెను. ఇంటికి వచ్చి ఆ చక్రమును పైకెత్తి, మీదను క్రిందను పట్టి ఊపగా వదులు కనబడెను. మా పెద్దవాడు బ్రేకు త్రొక్కి పట్టగానే ఆ వదులు మాయమాయెను. అనగా అది బేరింగులోనిదే గాని స్టీరింగు కీళ్లలోనిది కాదు.

కారు నెత్తుటను గూర్చి ఒక్క మాట. మాది రేగడినేల, వాన కురిసిన జాకీ దిగబడును. బేతంచెర్ల నాపరాయి పరచి చూచితిని. అది జాకీ మోపగానే రెండుగా పగిలెను. మందమైన తుమ్మచెక్కయే మేలు. జాకీ యెత్తుటకే గాని మోయుటకు గాదు. ఎత్తినపిదప చట్రముక్రింద ఇనుప స్టాండు నిలిపి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డమిడి, హ్యాండుబ్రేకు లాగిననే గాని పిల్లలను దగ్గరకు రానీయలేదు. బ్రేకు డ్రమ్ములోని ధూళిని నోటితో ఊదరాదు; పాత లైనింగులలో ఊపిరితిత్తులకు హాని చేయు ఆస్బెస్టాసు ఉండవచ్చును. తడిగుడ్డతో తుడువవలెను.

పాత కప్పును ఇత్తడి కడ్డీతో, ఒకమారు ఈ ప్రక్కను, ఒకమారు ఆ ప్రక్కను కొట్టి వెడలింపవలెను. క్రొత్తదానిని దించుటలోనే మీ భౌతికశాస్త్రము పనికివచ్చును. 50 మి.మీ. వ్యాసముగల ఉక్కు ఉంగరమును 35 డిగ్రీలనుండి సున్నకు దిగువ 18 డిగ్రీలవఱకు చల్లార్చిన, వ్యాసము సుమారు 0.03 మి.మీ. తగ్గును. తలవెండ్రుకకంటె సన్నని ఆ కొలతయే చాలును. రాత్రి కప్పులను రిఫ్రిజిరేటరు మంచుగదిలో నుంచి (ఇల్లాలు మొదట ఒప్పుకొనలేదు), హబ్బును మధ్యాహ్నపు టెండలో పెట్టితిని. పాత కప్పును పైనుంచి తట్టగా క్రొత్తది తిన్నగా దిగెను. అది అడుగు తాకగానే సుత్తి చప్పుడు బోలు విడిచి గట్టిపడును. రోలర్లమీద మాత్రము దెబ్బ పడరాదు. కంటికి కనబడని నొక్కు రేపటి రొదకు విత్తనమగును. కోనును అరచేత నున్న గ్రీజులోనికి వెడల్పు ప్రక్కనుండి ఒత్తి, రెండవ ప్రక్క వెలువడువఱకు నింపవలెను. కప్పును కోనును జతగానే మార్చవలెను. ఆయిల్ సీలు గూడ క్రొత్తదే వేయవలెను.

ఇంతవఱకు మొదటిసారియే సరిగా చేసితిని. నట్టు దగ్గర తప్పితిని. ఎంత బిగించిన అంత భద్రమని తలచి, స్పానరుకు పైపు తొడిగి బలముకొలది బిగించితిని. మఱునాడు నంద్యాలకు బయలుదేరగా, కోవెలకుంట్ల చేరకమునుపే మాడిన వాసన వచ్చెను. దిగి చూడగా హబ్బునుండి పొగ! వెనుక సీటులో పిల్లలు ముగ్గురు నిద్రించుచుండిరి. మఱికొంత దూరము పోయిన చక్రము పట్టివేసియుండునో, ఊడియే యుండునో. విప్పినపుడు రోలర్లు కాలి నీలివన్నె కెక్కియుండెను.

రెండవసారి చేసిన పద్ధతి యిది. చక్రమును చేతితో త్రిప్పుచు నట్టును బిగించితిని. రోలర్లు తమ స్థానమున కూర్చుండుటకే యిది. తర్వాత పూర్తిగా వదలించి, స్పానరు ప్రక్కనుంచి, వ్రేళ్లతో మాత్రమే బిగించితిని. పిన్ను రంధ్రము కుదరనియెడల బిగువువైపునకు గాక వదులువైపునకే, దగ్గరి గంటువఱకు త్రిప్పితిని. మిల్లీమీటరులో ఇరువదవ వంతుపాటి యాట మిగిలెను. సరియైన కొలత ఆయా బండి పుస్తకమందుండును. స్ప్లిట్ పిన్ను క్రొత్తదే వేసితిని. నేటి కార్లలో పెక్కింటికి మూసియుంచిన బేరింగు యూనిట్లు వచ్చుచున్నవి. వానికి ఈ సవరణ లేదు. కొన్నిటికి ప్రెస్సు యంత్రము కావలెను గనుక వానిని ఇంట ముట్టరాదు.

పిల్లలను ఇంటనే యుంచి, ఒంటరిగా పది కిలోమీటర్లు పోయి ఆగితిని. కుడి హబ్బుమీద చేయి వేసితిని, పిమ్మట ఎడమదానిమీద. రెండును ఒక్కటే గోరువెచ్చదనము. రొద లేదు. మఱునాడు అందఱమును నంద్యాలకు పోతిమి.