బ్యానర్ మీద తెల్ల గీతలు ఎందుకు పడతాయి?

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం. 1994లో ఐక్యరాజ్యసమితి పెట్టింది. దానికి బ్యానర్ వేయించను మేడంతో ధర్మవరంలో ఒక షాపుకు పోయినాను. చూస్తే నల్ల అక్షరాల మీద, బొమ్మల మీద అడ్డంగా తెల్ల గీతలు! "దూరం నుంచి కనపడవులే పాపా" అన్నారు. మా అమ్మకు చదువు రాదు. దగ్గరికొచ్చి బొమ్మలే చూస్తుంది. అందుకే నేను కదల్లేదు.

మిషన్ దగ్గరుండే అన్న టెస్ట్ ప్రింట్ తీసినాడు. నీలం, మెజెంటా, పసుపు, నలుపు, ఈ నాలుగు ఇంకులతోనే మిగతా రంగులు వస్తాయంట. హెడ్‌కు సన్న రంధ్రాలుంటాయి, వాటిని నాజిల్స్ అంటారు. టెస్టులో ఒక్కో రంధ్రానికి ఒక్కో చిన్న గీత పడాలి. నలుపులో కొన్ని పడలేదు. ఇంకు ఎండి రంధ్రాలు మూసుకున్నాయి. మగ్గం మీద పడుగులో పోగు తెగితే చీర పొడవునా గీత పడుతుంది కదా, అట్లే. సొల్యూషన్‌తో హెడ్ కడిగినాడు. పిన్నుతో మాత్రం పొడవకూడదు, రంధ్రం పాడైపోతుంది.

ఈసారి టెస్ట్ నిండుగా వచ్చింది. అయినా బ్యానర్ మీద సమాన దూరంలో గీతలు! ఇది ఇంకు తప్పు కాదు. హెడ్ ఒకసారి పోయి వచ్చినాక ఫ్లెక్సు కొంచెం ముందుకు జరుగుతుంది. ఎక్కువ జరిగితే తెల్ల గీత, తక్కువైతే ముదురు గీత. అన్న కంప్యూటర్లో ఆ జరుగుడు అంకె కొంచెం తగ్గించినాడు. గీతలు పోయినాయి. రెండోసారికి డబ్బులు అడగలేదు.

పాత బ్యానర్ ముక్క నా పెట్టెలో ఉంది. కావాల్సినవాళ్లు వచ్చి రెండు రకాల గీతలూ చూడండి.

— 9వ తరగతి విద్యార్థిని